స్కాట్ దొరగా వేసిన రే స్టీవెన్‌సన్ కెరీర్ ఎలా నడిచింది, ఇంగ్లండ్‌లో నటుడు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు అడిగినవి రెండు. ఆర్ఆర్ఆర్‌లో గవర్నర్ స్కాట్ బక్స్‌టన్‌గా వేసిన రే స్టీవెన్‌సన్‌కి ఆ ఆకారం, ఆ గొంతు, అంత అనుభవం ఉండి కూడా హాలీవుడ్‌లో పెద్ద హీరో ఎందుకు కాలేకపోయారన్నది మొదటిది. మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్న మీ తమ్ముడిగారబ్బాయి, 24 ఏళ్లవాడు, అక్కడే నటుడవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు, అది అయ్యే పనేనా అన్నది రెండోది. మొదటిదానికి సరిగ్గా జవాబు చెబితే రెండోదానికి సగం జవాబు దొరుకుతుంది. అందుకని ఆ వరసలోనే రాస్తున్నాను.

ముందు కొలత మార్చుకోవాలి. మన దగ్గర ఆర్టిస్టు అనగానే హీరోనా, విలనా, క్యారెక్టర్ ఆర్టిస్టా అని అడుగుతాం. ఇంగ్లండ్‌లో తోటి నటులు కలిస్తే అడిగేది "ఇప్పుడు పనిలో ఉన్నావా?" అని. ఏడాదిలో ఎన్ని వారాలు పనిచేశాడు, ఒకటి అయ్యాక ఇంకోటి ఎంత త్వరగా వచ్చింది, వచ్చినది ముందుదానికంటే కొంచెమైనా పెద్దదా, ఇదే అక్కడి లెక్క. ఆ లెక్కన 1993 నుంచి 2023లో పోయేదాకా ముప్పై ఏళ్లు పని ఆగకుండా చూసుకున్న స్టీవెన్‌సన్ చాలా పైవరస మనిషి. అక్కడ నటన చదివినవాళ్లలో ఎక్కువమందికి ఆ నిలకడ దొరకదు.

ఇంగ్లీషు నటుడు అన్నారు గానీ ఆయన పుట్టింది ఉత్తర ఐర్లండ్‌లోని లిస్‌బర్న్‌లో, 1964 మే 25న. తండ్రి రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్, తల్లి ఐరిష్. ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండ్ ఈశాన్య మూలకి, న్యూకాజిల్ వైపు వచ్చేసింది. పెరిగింది, పనిలో పడింది ఇంగ్లండ్‌లోనే కాబట్టి దారి మాత్రం ఇంగ్లీషు నటుడి దారే. లండన్‌లో ఒక ఆర్కిటెక్చర్ సంస్థలో ఇంటీరియర్ డిజైనర్‌గా ఉంటూ, వెస్ట్ ఎండ్‌లో జాన్ మాల్కోవిచ్ నాటకం చూసి, పాతికేళ్ల వయసులో నటన వైపు తిరిగారు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో శిక్షణ పూర్తయ్యేసరికి 29 ఏళ్లు. మీ అబ్బాయికి "లేటయిపోయిందేమో" అన్న బెంగ ఉంటే తీసేయమనండి. 24 అక్కడ అసలు లేటు కాదు.

అక్కడినుంచి ఆయన పేరు నలుగురికీ తెలిసిన "రోమ్" సీరియల్ దాకా పన్నెండేళ్లు పట్టింది. అందరూ ఈ పన్నెండేళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, అసలు చదవాల్సింది ఇదే.

1993లో ఐటీవీ అనే బ్రిటిష్ ఛానెల్లో ఒక మినీ సిరీస్. 1994లో క్యాథరిన్ కుక్సన్ నవల ఆధారంగా తీసిన "ది డ్వెల్లింగ్ ప్లేస్", అది ఆయన పెరిగిన ఈశాన్య ప్రాంతపు కథే. 1995లో యార్క్‌షర్ నేపథ్యంతో నడిచే "బ్యాండ్ ఆఫ్ గోల్డ్". 1998 నుంచి 2000 వరకు మాంచెస్టర్ పోలీసుల మీద బీబీసీ తీసిన "సిటీ సెంట్రల్". ఊళ్లు చూడండి: ఈ చివరి మూడూ ఉత్తర ఇంగ్లండ్. లండన్ యాస పట్టుకుని షేక్‌స్పియర్ రాజుల వేషాల కోసం క్యూలో నిలబడకుండా, తన ఒడ్డూ పొడుగూ, తన ప్రాంతపు మాట ఎక్కడ అతుకుతాయో అక్కడ పనిచేశారు. మొదటి ఐదారేళ్లలో వేషాలకి నటులని ఎంపిక చేసే ఏ క్యాస్టింగ్ డైరెక్టరూ "ఈయన ఏదైనా చేయగలడు" అని పిలవరు. "ఈ వేషానికి సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి" అనిపిస్తేనే పిలుస్తారు. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. నాలో ఇన్ని కోణాలున్నాయని మొదటి రోజే చూపించబోయి, ఏ కోణమూ గుర్తుండకుండా పోతారు.

అయితే పోలీసు సీరియల్ మూడేళ్లు చేస్తే జీవితమంతా పోలీసు వేషాలే వస్తాయి. మన దగ్గర ఇన్‌స్పెక్టర్ వేషాలకే మిగిలిపోయినవాళ్లు ఎంతమంది లేరు! దానికి అక్కడి విరుగుడు నాటకం. 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ఆడిన మిస్టరీ నాటకాల్లో (బైబిల్ కథల పాతకాలపు నాటకాలు) ఆయన ఏసుక్రీస్తు. 2003లో లండన్ నేషనల్ థియేటర్‌లో "ది డచెస్ ఆఫ్ మాల్ఫీ"లో దుర్మార్గుడైన కార్డినల్, అంటే చర్చి పెద్ద. నాటకంలో టీవీ అంత డబ్బు రాదు, వారాల తరబడి రిహార్సల్స్, పైగా ఆ కాలమంతా తెర పని వదులుకోవాలి. అయినా ఎందుకు చేస్తారంటే, క్యాస్టింగ్ డైరెక్టర్లు వారంలో చాలా సాయంత్రాలు నాటకాల్లోనే కూర్చుంటారు, ఏజెంట్లు పట్టుబట్టి తీసుకొస్తారు. టీవీలో కానిస్టేబుల్‌గా తెలిసిన మనిషి రెండు గంటలు కార్డినల్‌గా కనబడితే వాళ్ల నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన రాసుకున్నది మారుతుంది.

2004లో "కింగ్ ఆర్థర్"లో డాగొనెట్. మాటలు చాలా తక్కువ ఉన్న వేషం. గడ్డకట్టిన సరస్సు మీద శత్రుసైన్యం వస్తుంటే, గొడ్డలి తీసుకుని ఒంటరిగా మధ్యకి పరిగెత్తి మంచు పగలగొట్టేది ఆయనే. ఆ సీన్ ఒకసారి మళ్లీ చూడండి. బాణాలు తగులుతున్నా ముఖంలో కోపం ఉండదు, పని పూర్తి చేయాలన్న తొందర ఉంటుంది. భారీ మనిషిలో మెత్తదనం కనిపించడం అన్నది ఆయన అసలు సరుకు. మరుసటి ఏడాది "రోమ్"లో టైటస్ పుల్లో అనే సైనికుడి పాత్ర నిలబడింది సరిగ్గా దాని మీదే.

"రోమ్" సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. హెచ్‌బీఓ, బీబీసీ, ఇటలీ ప్రభుత్వ టీవీ రాయ్ కలిసి, రోమ్ నగరంలోని చినెచిట్టా స్టూడియోలో సెట్లు వేసి తీశారు. మొదటి సీజన్ 12 ఎపిసోడ్లకు దాదాపు 10 కోట్ల డాలర్లు. 2005 ఆగస్టులో మొదలై, రెండో సీజన్ 10 ఎపిసోడ్లతో 2007లో ఆగిపోయింది. ఖర్చు మోయలేక ఆపారు. ఇలాంటి సీరియల్లో ప్రధాన పాత్రకి సంతకం చేసేటప్పుడు మొదటి సీజన్‌కి మాత్రమే చేయరు. రాబోయే సీజన్లకి ఆప్షన్ కూడా అప్పుడే రాసిస్తారు, అమెరికన్ సంస్థలైతే అది ఏడేళ్లదాకా ఉండొచ్చు. ఆ ఆప్షన్ వాడుకునే హక్కు నిర్మాతదే. నటుడు మధ్యలో వెళ్లిపోలేడు, నిర్మాత మాత్రం ఎప్పుడైనా ఆపేయగలడు. సీజన్‌కీ సీజన్‌కీ మధ్య మంచి సినిమా వచ్చినా డేట్స్ వీళ్లని అడిగే ఇవ్వాలి. అందుకే అనుభవమున్న ఏజెంటు పారితోషికం కంటే ముందు బేరమాడేది ఆప్షన్ గడువు, ఏటా పెరిగే శాతం, ఇతర పనులు చేసుకునే వెసులుబాటు గురించి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. హీరోగా అవకాశం రాకపోలేదు. 2008 డిసెంబర్‌లో "పనిషర్: వార్ జోన్" వచ్చింది, మార్వెల్ కామిక్స్ హీరో పనిషర్ ఆయనే. మూడున్నర కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి కోటి డాలర్ల దగ్గర ఆగిపోయింది. అప్పటికి ఆయనకి 44. పాతికేళ్ల కుర్రాడి మొదటి సినిమా పోతే రెండోది ఇస్తారు. నలభై దాటినవాడి మొదటి పెద్ద సినిమా పోతే, డబ్బు పెట్టేవాళ్లు ఆ పేరుని పోస్టర్ పైభాగంలో పెట్టడానికి వెనకాడతారు. నటనలో లోపముందా లేదా అన్నది ఆ గదిలో ఎవరూ చర్చించరు. పైగా హాలీవుడ్‌లో ప్రతి నటుడికీ "కోట్" అని ఒకటి ఉంటుంది, అంటే కిందటి సినిమాకి తీసుకున్న మొత్తం. కొత్త బేరం అక్కడినుంచే మొదలవుతుంది, సినిమా పోతే ఆ అంకె కిందికి లాగబడుతుంది. 2011లో "కిల్ ది ఐరిష్‌మ్యాన్"లో మళ్లీ ప్రధాన పాత్ర, డానీ గ్రీన్ అనే నిజజీవిత గ్యాంగ్‌స్టర్. చూడదగ్గ పని, కానీ చిన్న సినిమా, చూసినవాళ్లూ తక్కువే.

దాని తర్వాత ఆయనకి కుదిరిన దారి రెండు పాయలు. ఒకటి, పెద్ద సినిమాల వరసల్లో సహాయ పాత్ర. "థోర్" మూడు సినిమాల్లో వోల్‌స్టాగ్, "డైవర్జెంట్" మూడు సినిమాల్లో మార్కస్ ఈటన్. వీటికి మొదటి సినిమా దగ్గరే తర్వాతి భాగాలకి కూడా సంతకం తీసుకుంటారు, కాబట్టి సంపాదనకి ఒక భరోసా. లోటు ఏమిటంటే పాత్ర ప్రాణం వాళ్ల చేతిలో ఉంటుంది. మూడో థోర్ సినిమాలో విలన్ హెలా వచ్చీ రాగానే వోల్‌స్టాగ్ పోతాడు, క్షణాల్లో పని అయిపోతుంది. రెండోది, టీవీలో ఒకటి రెండు సీజన్లకే వచ్చే బలమైన ప్రతినాయకుడు. "డెక్స్‌టర్" ఏడో సీజన్‌లో (2012) ఐజాక్ సిర్కో, "బ్లాక్ సెయిల్స్"లో ఎడ్వర్డ్ టీచ్. నా ఉద్దేశంలో రోమ్ తర్వాత ఆయన చేసిన ఉత్తమమైన పని ఆ సిర్కోనే. వయసు మళ్లుతున్న నటుడికి ఇలాంటి వేషం చాలా లాభం: షూటింగ్ కొన్ని నెలలే, రాసేటప్పుడే పాత్రకి మొదలూ చివరా ఉంటాయి, ఏడేళ్ల ఆప్షన్ బాధ లేదు.

ఆర్ఆర్ఆర్‌లోకి వచ్చింది ఈ దశలోనే. ఆయన పేరు, లేడీ బక్స్‌టన్‌గా వేసిన ఐరిష్ నటి అలిసన్ డూడీ పేరు 2019 నవంబర్‌లో ప్రకటించారు. మధ్యలో కోవిడ్ వచ్చి సినిమా 2022 మార్చి 25కి గానీ విడుదల కాలేదు. ఇలాంటి ఆలస్యాల కోసమే విదేశీ నటుల ఒప్పందాల్లో "స్టాప్ డేట్" అని ఒక షరతు పెడతారు: ఫలానా తేదీ తర్వాత నేను వేరే పనికి వెళ్లిపోతాను, మళ్లీ కావాలంటే కొత్తగా మాట్లాడుకోవాలి అని. మన నిర్మాతలకి ఇది మొండితనంలా కనిపిస్తుంది గానీ, వెనక ఇంకో నిర్మాత కాచుకుని ఉంటాడు. ఆయన పోయినప్పుడు ఆర్ఆర్ఆర్ బృందం ఒక స్టంట్ ఫోటో పెట్టి, ఆ కష్టమైన సీన్ తీసేనాటికి ఆయనకి 56 ఏళ్లని, అయినా వెనకాడలేదని రాసింది.

2023 మే 21న ఇటలీలోని ఇస్కియా దీవిలో చనిపోయారు, 59వ పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు. స్టార్ వార్స్ వాళ్ల "అసోకా" సిరీస్‌లో బేలన్ స్కోల్‌గా చేసింది ఆ ఆగస్టులో విడుదలై, బహుశా ఆయనకి రోమ్ తర్వాత అంత పేరు తెచ్చింది. రెండో సీజన్‌కి ఆ పాత్రలోకి రోరీ మెక్కాన్‌ని తీసుకున్నారు. పాత్ర నిర్మాతది, నటుడిది ఆ పాత్రలో తన పని మాత్రమే. ఇంగ్లండ్‌లో ఈ సంగతి డ్రామా స్కూల్ మొదటి ఏడాదే వంటబడుతుంది.

ఇక మీ అబ్బాయి సంగతి.

అన్నింటికంటే ముందు వీసా. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ ఎంటర్‌టైనర్‌గా పనిచేయకూడదు, సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గానూ (ఉద్యోగం కాకుండా సొంతంగా పని చేసుకునేవాడిగా) ఉండకూడదు. వారానికి 20 గంటల అనుమతి ఉంది కదా, ఆ గంటల్లో సీరియల్లో చిన్న వేషం వేస్తానంటే కుదరదు. యూనివర్సిటీ డ్రామా సొసైటీలో సరదాగా నాటకాలు వేసుకోవచ్చు. డబ్బులివ్వని షార్ట్ ఫిల్మే కదా అని ఎవరైనా పిలిచినా, ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ రాసి, జవాబు వచ్చాకే వెళ్లాలి. మాస్టర్స్ అయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా పనిచేయొచ్చు. అది రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి 18 నెలలకి తగ్గుతోంది. ఆ తర్వాత నిర్మాణ సంస్థ స్పాన్సర్ చేసే క్రియేటివ్ వర్కర్ వీసా ఉంది గానీ అది ఒక పనికి, ఏడాది లోపు కాలానికి. పేరు లేనివాడికి దాన్ని ఇప్పించే నిర్మాత దొరకడం కష్టం. ఈ తేదీలన్నీ ముందు కాగితం మీద వేసుకోమనండి. చాలామంది కథ నటన రాక ఆగదు, వీసా గడువు అయిపోయి ఆగుతుంది.

శిక్షణ. రాడా, లామ్డా, గిల్డ్‌హాల్, సెంట్రల్, బ్రిస్టల్ ఓల్డ్ విక్, కార్డిఫ్‌లోని రాయల్ వెల్ష్, గ్లాస్గోలోని రాయల్ కన్జర్వేటాయిర్: ఏజెంట్లు మొదట చూసేది వీటి విద్యార్థులని. డిగ్రీ అయితే మూడేళ్లు, మాస్టర్స్ అయితే ఒకటి రెండేళ్లు. ఇప్పటికే డిగ్రీ ఉన్నవాడికి మాస్టర్సే నయం. రాడా లాంటి చోట డిగ్రీకి ఏటా తీసుకునేది ముప్పైమంది లోపు, దరఖాస్తులు వేలల్లో. స్థానికులకి 2025-26లో డిగ్రీ ఫీజు 9,535 పౌండ్లు. మనవాళ్లకి విదేశీ విద్యార్థి ఫీజు, ఏడాదికి 20 వేల పౌండ్ల పైమాటే, లండన్ అద్దె దానికి అదనం. ఒక హెచ్చరిక: స్కూల్ ఆర్థిక పరిస్థితి కూడా చూడాలి. అల్రా అనే స్కూల్ 2022 ఏప్రిల్‌లో ఉన్నపళంగా మూతపడి, పిల్లలు కోర్సు మధ్యలో వేరే స్కూలుకి మారాల్సి వచ్చింది. ఏ కోర్సులు నడుస్తున్నాయో దరఖాస్తు చేసే ఏడాదే చూసుకోవాలి, పాత జాబితాలు నమ్మొద్దు.

ఆడిషన్‌కి మామూలుగా రెండు మోనోలాగ్‌లు, అంటే ఒక్కరే చెప్పే నాటక భాగాలు, అడుగుతారు: ఒకటి షేక్‌స్పియర్ కాలానిది, ఒకటి ఆధునిక నాటకం నుంచి, ఒక్కోటి రెండు నిమిషాలు. తన వయసుకి అటూ ఇటూగా ఉన్న పాత్రే ఎంచుకోవాలి. 24 ఏళ్లవాడు కింగ్ లియర్ చేస్తే మొదటి పది సెకన్లలోనే వినడం మానేస్తారు. హామ్లెట్‌లో అందరికీ కంఠతా వచ్చిన ముక్క తీసుకుంటే, ఆ వారంలో అది చెప్పిన ఇరవయ్యో మనిషి అవుతాడు. బీబీసీ న్యూస్ చదివేవాళ్ల ఇంగ్లీషు అనుకరించాల్సిన అవసరం లేదు. సొంత యాసలో, అర్థం తెలిసి చెప్పినవాడినే నిలబెట్టి "ఇప్పుడు ఇదే మాటని నీకు అప్పున్న మనిషికి చెబుతున్నట్టు చెప్పు" లాంటి మార్పు అడుగుతారు. అక్కడ చూసేది మారగలడా లేదా అని. ఇంట్లో అద్దం ముందు వందసార్లు ఒకేలా బిగించుకుని వచ్చినవాడు ఆ ప్రశ్న దగ్గరే దొరికిపోతాడు.

డ్రామా స్కూల్ లేకుండా కుదరదా అంటే కుదురుతుంది. దేవ్ పటేల్ ఏ స్కూల్‌కీ వెళ్లలేదు, వాళ్లమ్మ పేపర్లో ప్రకటన చూసి "స్కిన్స్" అనే టీవీ సీరియల్ ఆడిషన్‌కి తీసుకెళ్లారు. హిమేష్ పటేల్ 2007 నుంచి 2016 వరకు బీబీసీ సీరియల్ "ఈస్ట్‌ఎండర్స్"లో పనిచేశాకే సినిమా హీరో అయ్యారు. కానీ ఇద్దరూ టీనేజ్‌లో మొదలుపెట్టినవాళ్లు, అక్కడ పుట్టి పెరిగినవాళ్లు, వీసా గడువు తరమనివాళ్లు. పాతిక దగ్గరపడ్డాక, బయటినుంచి వచ్చినవాడికి స్కూల్ చివర్లో జరిగే షోకేస్ చాలా విలువైనది. ఒక్కొక్కరికీ ఒకటి రెండు నిమిషాల సీన్, ఎదురుగా ఏజెంట్లు, క్యాస్టింగ్ వాళ్లు. చాలామందికి మొదటి ఏజెంటు అక్కడే దొరుకుతారు.

ఆ తర్వాత స్పాట్‌లైట్. 1927 నుంచి ఉన్న నటుల డైరెక్టరీ, ఇప్పుడంతా ఆన్‌లైన్. క్యాస్టింగ్ డైరెక్టరు వేషాల వివరాలు దీని ద్వారానే ఏజెంట్లకి పంపుతారు కాబట్టి ఇందులో లేనివాడు పరిశ్రమకి కనబడడు. కృష్ణానగర్‌లో ఫోటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినట్టు అక్కడ తిరిగితే రిసెప్షన్ కూడా దాటలేం. ప్రొఫైల్‌లో ఎత్తు, ఏ వయసువాడిగా కనిపించగలడు, భాషలు, యాసలు, నైపుణ్యాలు ఉంటాయి. "గుర్రపు స్వారీ వచ్చు" అని సరదాకి రాస్తే, ఏదో ఒక రోజు నిజంగా గుర్రం తెచ్చి నిలబెడతారు. అప్పుడు పోయేది ఆ వేషం ఒక్కటే కాదు, ఆ క్యాస్టింగ్ డైరెక్టర్ దగ్గర నమ్మకం కూడా. కత్తియుద్ధాలకి బ్రిటిష్ అకాడమీ ఆఫ్ స్టేజ్ అండ్ స్క్రీన్ కంబాట్ సర్టిఫికెట్లు ఉన్నాయి, అలాంటివి రాయాలి. తెలుగు మాతృభాష అని తప్పకుండా రాయమనండి. ఫోటో మాత్రం రీటచ్ చేసింది వద్దు. తలుపు తీసుకుని లోపలికొచ్చే మనిషీ ఫోటోలో మనిషీ ఒకటే అయ్యుండాలి.

ఏజెంటు కమీషన్ 10 నుంచి 15 శాతం, ప్రకటనలకి 20 దాకా, ఆ కమీషన్ మీద వ్యాట్. అది కూడా డబ్బు వచ్చాకే పట్టుకుంటారు. పని ఇప్పిస్తామని ముందే డబ్బు అడగడం అక్కడి చట్టం ఒప్పుకోదు. "మా ఫోటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి, ఇంత కట్టు" అన్నవాడు ఏజెంటు కాదు, లేచి వచ్చేయాలి. యూనియన్ పేరు ఈక్విటీ, 1930 నుంచి ఉంది. ఒకే పేరుతో ఇద్దరు సభ్యులు ఉండకూడదన్నది వాళ్ల నియమం. డేవిడ్ మెక్‌డొనాల్డ్ అనే అతను డేవిడ్ టెనెంట్ అయింది అందుకే. చేరేముందే స్క్రీన్ పేరు ఖాయం చేసుకోవాలి, తర్వాత మారిస్తే అప్పటిదాకా చేసిన పని వేరే మనిషిదైపోతుంది.

ఇప్పుడు ఆడిషన్లలో మొదటి వడపోత దాదాపు అంతా సెల్ఫ్ టేప్. పంపిన సీన్‌ని ఇంట్లోనే తీసి పంపడం. ఇది బాగా చేయడం ఎవరికైనా వస్తుంది, కానీ చాలామంది చేయరు. ఫోన్ అడ్డంగా, ట్రైపాడ్ మీద, సరిగ్గా కళ్ల ఎత్తులో. ఫ్రేమ్ ఛాతీ నుంచి తల పైన కొంచెం ఖాళీ దాకా. వెనక బూడిద లేదా లేత నీలం గోడ, పుస్తకాల అర, పెళ్లి ఫోటోలు కనబడకూడదు. వెలుతురు ముందు వైపు కిటికీ నుంచి రావాలి, వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. ఎదుటి డైలాగులు చదివే మనిషి లెన్స్‌కి ఆనుకుని, పక్కనే కూర్చోవాలి. అతను దూరంగా కూర్చుంటే మన కళ్లు ఫ్రేమ్ బయటికి పోయి సగం ముఖమే కనిపిస్తుంది. లెన్స్‌లోకి నేరుగా చూడొద్దు. చదివేవాడు మైక్‌కి దగ్గరగా ఉంటాడు కాబట్టి అతని గొంతు మన గొంతుని మింగేస్తుంది, మెల్లగా, నటించకుండా చదవమనాలి. గది బోసిగా ఉంటే గొంతు మోగుతుంది, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న పడకగదే మేలు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి.

కాగితం ఒళ్లో పెట్టుకుని కింద చూస్తూ చదవడం అన్నిటికంటే పెద్ద తప్పు. పూర్తిగా కంఠతా రాకపోతే కాగితాన్ని లెన్స్ పక్కనే అతికించుకోవాలి. పోలీసు వేషమని యూనిఫాం అద్దెకి తేనక్కర్లేదు, ముదురు రంగు చొక్కా చాలు. రెండు టేకులు పంపితే రెండూ తేడాగా ఉండాలి. ఒకేలా ఉన్న మూడు టేకులు పంపితే ఏది బాగుందో మీకే తెలియదని అర్థం. చివర్లో విడిగా పేరు, ఎత్తు, ఏజెంటు పేరు చెప్పి, రెండు పక్కలకీ తిరిగి, ఒకసారి తల నుంచి పాదం దాకా చూపించాలి. ఫైల్ పేరులో నటుడి పేరు, పాత్ర పేరు ఉండాలి. "వీడియో ఫైనల్ 2" అని పంపితే అటువైపు అసిస్టెంటు అలాంటి యాభై ఫైళ్లలో దాన్ని వెతుక్కోలేరు.

టేప్ నచ్చితే రీకాల్ (మళ్లీ పిలిచి చూడటం), తర్వాత దర్శకుడు, తర్వాత నిర్మాతలు, ఛానెల్. ఈ మధ్యలో "నీ డేట్స్ మీద పెన్సిల్ వేశారు" అని ఏజెంటు చెబుతారు. అంటే ఆ రోజులు ఖాళీగా ఉంచమని మాట మాత్రమే, ఒప్పందం కాదు, డబ్బు రాదు. అదే పెన్సిల్ ఇంకో ముగ్గురి మీద కూడా ఉండొచ్చు. ఊళ్లో అక్క పెళ్లని టికెట్లు తీసుకునే ముందు ఏజెంటుకి చెప్పకపోతే, పని ఖాయమైన రోజున గొడవ. టేప్‌కి జవాబు రాకపోతే రాలేదంతే, అడగకూడదు. పంపిన రాత్రే దాన్ని మర్చిపోవడం నేర్చుకోవాలి.

మనవాళ్లకి వచ్చే వేషాల గురించి కూడా నిజం చెప్పాలి. డాక్టరు, టాక్సీ డ్రైవరు, కొట్టు యజమాని, అనుమానితుడు, ఇవి ఇంకా వస్తూనే ఉంటాయి. ముందు కంటే పరిస్థితి చాలా మెరుగు. ఒకప్పుడు కృష్ణ భాంజీ అనే పేరుతో ఆడిషన్లు రావడం లేదని ఆయన బెన్ కింగ్స్‌లీ అయ్యారు, ఇప్పుడు పేరు మార్చుకోకుండానే ప్రధాన పాత్రలు చేస్తున్నవాళ్లున్నారు. మొదట్లో డాక్టరు వేషం వస్తే వద్దనకూడదని నా అభిప్రాయం. స్టీవెన్‌సన్ పోలీసు వేషంతో చేసినట్టే, దాంతో అద్దె కట్టుకుంటూ పక్కన నాటకంలో వేరే మనిషిగా కనబడాలి. ఎగతాళి కోసమే రాసిన యాస వేషాలు మాత్రం వదిలేసినా నష్టం లేదు.

చివరిగా డబ్బు, ఇది ఇంట్లో పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది. లెక్క సులువుగా ఉండటానికి పారితోషికం 1,000 పౌండ్లు అనుకోండి. ఏజెంటుకి 15 శాతం, అంటే 150. దాని మీద 20 శాతం వ్యాట్, 30. చేతికొచ్చేది 820. అందులో పావు వంతు, 205, పన్నుకి పక్కన పెడితే ఖర్చుకి 615. టీవీ పని తర్వాత మళ్లీ ప్రసారమైతే రిపీట్ డబ్బు రావొచ్చు, లేదా ఒకేసారి బైఅవుట్ ఇచ్చి ముగించొచ్చు. ఏది అన్నది ఒప్పందంలో చదువుకోవాలి. మొదటి ఐదేళ్లు రెండో ఉపాధి తప్పదు, అదీ ఆడిషన్ రోజు సెలవు పెట్టుకోగలిగినది అయ్యుండాలి. మాస్టర్స్ చదువుతో ఇంటినుంచి చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికితే హోటల్ పని కంటే నయం.

పన్నుల దగ్గర కొత్తవాళ్లు పడే దెబ్బ ఒకటే. అక్కడ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది. సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా మొదటిసారి సంపాదించిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5 లోపు నమోదు కావాలి, ఆ తర్వాతి జనవరి 31 లోపు రిటర్న్ వేసి పన్ను కట్టాలి. బిల్లు 1,000 పౌండ్లు దాటితే, ఆ పన్నుతోపాటు వచ్చే ఏడాదికి అడ్వాన్సుగా అందులో సగం కూడా అదే రోజు కట్టించుకుంటారు, మిగతా సగం జూలై 31న. అంటే 2,000 కట్టాలనుకున్నవాడు జనవరిలో 3,000 సిద్ధం చేసుకోవాలి. ఏజెంటు కమీషన్, స్పాట్‌లైట్, ఈక్విటీ చందాలు, ఫోటోల ఖర్చు, ఆడిషన్‌కి రైలు టికెట్లు, ఇవన్నీ ఖర్చు కింద చూపించుకోవచ్చు. రసీదులు మొదటి రోజు నుంచే ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో వేసుకోమనండి, మార్చిలో వెతికితే దొరకవు.